తెల్లరాయి పనికి పోయే ముందు మన పేరు ఏ పుస్తకంలో ఉందో అడుగుదాం

పోస్టు పొడుగ్గా ఉంది. ఒకేసారి చదవడం కుదరకపోతే రెండు సార్లుగా చదవండి, కానీ సెలవులకి ఊరికి పోయేలోపు చదవండి.

రెండు వారాల కింద ఈ గ్రూపులోనే ఒక అన్న పోస్టు పెట్టాడు. సంక్రాంతి సెలవులకి తెల్లరాయి ఏరే పనికి మనుషులు కావాలి, రోజుకి ఆరు వందలు, ఆటో వాళ్ళే పెడతారు, మధ్యాహ్నం అన్నం వాళ్ళదే, ఆడపిల్లలైనా పర్లేదు అని. దాని కింద కామెంట్లు చూశాం. సగం మంది "అన్నా నంబర్ పెట్టు" అన్నారు. మిగతా సగం కొట్లాట. "చదువుకునే పిల్లల్ని క్వారీలకి తోలతారా" అని ఒకరు. "చదువుకోమని చెప్పేవాళ్ళు పరీక్ష ఫీజు కడతారా" అని ఇంకొకరు. రెండో మాట అన్న తమ్ముడి మీద మాకు కోపం రాలేదు. వాడు చెప్పింది నిజం. మా రూముల్లో ఎంతమందికి ఇంటి నుంచి డబ్బులొస్తాయో మాకు తెలుసు. మా అమ్మానాయనల్లో ఎక్కువమంది చేపల చెరువుల దగ్గర, రొయ్యల గుంతల దగ్గర, నిమ్మతోటల్లో కాపలా ఉండేవాళ్ళే. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు.

కాబట్టి పనికి పోవద్దని ఈ పోస్టు రాయడం లేదు. మేము కూడా పోయినాం. పోయి వచ్చినందుకే రాస్తా ఉండాం.

పోయిన ఎండాకాలం మాలో ఏడుగురం పోయాం. ఆ గని పేరు, ఓనరు పేరు ఇక్కడ రాయం, గొడవ పెట్టుకోవడానికి కాదు ఇది. పని ఏందంటే, హిటాచీ తవ్వి పోసిన కుప్పలో నుంచి తెల్లరాయి ఏరాలి, ఎర్రమట్టి పట్టిన అంచుల్ని, నల్ల మచ్చలున్న చోటుని సుత్తితో కొట్టి తీసేయాలి, సైజు ప్రకారం వేరే వేరే కుప్పలుగా పోయాలి. చూసేదానికి తేలిక. పదిరోజులకి అరచేతులు గరుకుదేలిపోతాయి. హెల్మెట్ లేదు, బూట్లు లేవు, కళ్ళద్దాలు లేవు, చెప్పులతోనే ఎక్కి దిగడం. నాలుగో రోజు మాలో అందరికంటే చిన్నోడు, అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయినోడు, పదిహేడేళ్ళు, సుత్తి దెబ్బ వేస్తే పెంకు ఎగిరి కంట్లో పడింది. మేస్త్రీ వెంటనే బండి మీద ఎక్కించుకుని పోయినాడు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ దారిలో వాడికి ఒక పాఠం నేర్పించాడు. ఆసుపత్రిలో అడిగితే ఇంటికాడ కట్టెలు కొడతా ఉంటే తగిలిందని చెప్పు అని. వాడు అట్టనే చెప్పాడు. చీటీలో అట్టనే రాశారు. చేతిలో మూడు వేలు పెట్టి రేపట్నించి రావద్దన్నారు.

ఇప్పుడు ఆ కంటితో బోర్డు మీద అక్షరాలు మసకగా కనపడతాయి వాడికి. రెండు నెలల తర్వాత వాడి మామని వెంటబెట్టుకుని, ఆపరేషన్ ఖర్చుకి ఏమన్నా సాయం చేస్తారేమోనని పోతే, షెడ్డులో కూర్చున్నాయన చెప్పిన మాట ఇది: "ఈ పిల్లోడు మా కాడ పనిచేసినట్టు యాడుంది?" మామ అప్పుడు మేస్త్రీ నోటుబుక్కు చూపించమన్నాడు. చూపించారు. ఆ తేదీల్లో ఒకటే మాట రాసుంది. "గూడూరు బ్యాచ్ – 7."

ఏడు అనే అంకె కింద మా పేర్లు లేవు. రాళ్ళ ట్రిప్పులు ఎట్ట లెక్కేశారో మమ్మల్ని కూడా అట్టనే లెక్కేశారు.

మా రూములో బీకాం చదివేవాడొకడున్నాడు. వాడికి క్లాసులో కంప్లయన్స్ అనే మాట చెప్పారంట. చట్టం చెప్పినవన్నీ పాటిస్తున్నామని కాగితాలు సరిగ్గా పెట్టుకోవడం అని. మాకు నవ్వొచ్చింది. ఆ గనిలో కాగితాలు సరిగ్గానే ఉండుంటాయి. ఆ కాగితాల్లో హెల్మెట్ పెట్టుకున్న కొందరు మనుషులు ఉంటారు, వాళ్ళకి ట్రైనింగ్ అయ్యుంటుంది, ఆరోగ్య పరీక్ష అయ్యుంటుంది, ఒక్క ప్రమాదం కూడా జరిగి ఉండదు. కాగితంలో లేని ఏడుగురికి ఏమైనా అది ప్రమాదం కిందికి రాదు కదా. అందుకే మా అభిప్రాయం ఏందంటే, గనిలో మొట్టమొదటి భద్రతా వస్తువు హెల్మెట్ కాదు, బూటు కాదు. రిజిస్టర్‌లో మన పేరు. పేరుంటేనే హెల్మెట్ ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళ మీద పడుతుంది. పేరు లేకుండా హెల్మెట్ ఇచ్చినా అది దయతో ఇచ్చినట్టే, రేపు తీసేసుకోవచ్చు.

ఆ తర్వాత మేము లైబ్రరీలో, ఫోన్లలో వెతికి చదివింది కొంత ఉంది. లాయర్లం కాదు, అయినా చదవడం వచ్చు, అదే మాకున్న ఆస్తి.

గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం 1952లో మైన్స్ యాక్ట్ వచ్చింది. దాంట్లో గనిలో పనిచేసేవాడు ఎవడు అనే ప్రశ్నకి జవాబు మనలాంటోళ్ళ కోసమే రాసినట్టుంటుంది. ఓనరు పెట్టుకున్నవాడే కాదు, మేనేజర్‌కి తెలిసి అక్కడ పనిచేసే ఎవరైనా, జీతం ఉన్నా లేకపోయినా, గనిలో పనిచేసినట్టే లెక్క. తవ్వడం ఒక్కటే కాదు, తవ్విన ఖనిజాన్ని ఏరడం, మొయ్యడం, లోడు అయ్యి బయటికి పోయేదాకా జరిగే పనులూ దాంట్లోకి వస్తాయి. అంటే కుప్ప దగ్గర కూర్చుని సుత్తి కొట్టే మా అక్క కూడా గని కార్మికురాలే. "వీళ్ళు మా మనుషులు కాదు, మేస్త్రీ మనుషులు" అనే మాట చెల్లదు. పనిచేసే ప్రతి ఒక్కరి పేరు, వయసు, పని, చేరిన తేదీ రిజిస్టర్‌లో ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని పెట్టుకోకూడదు. ట్రైనీగా పదహారు నిండినవాళ్ళని తీసుకోవచ్చని ఉంది గానీ దానికి సరైన పర్యవేక్షణ, అనుమతి కావాలి, మేస్త్రీ ఆటోలో తోలుకుపోయిన పిల్లలు ట్రైనీలు కారు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు కూడా పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య పిల్లల్ని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదని చెప్పి, ఆ జాబితాలో గనుల్ని పెట్టారు.

మా చిన్నోడి విషయంలో అసలు భయం అదే. వాడి పేరు రాస్తే పదిహేడని రాయాలి. రాస్తే కేసు. అందుకని రాయలేదు. పెద్దోళ్ళం మిగతా ఆరుగురివి ఎందుకు రాయలేదంటే, రాస్తే ట్రైనింగ్ ఇవ్వాలి, చేరేముందు ఛాతీ ఎక్స్‌రేతో సహా ఆరోగ్య పరీక్ష చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్ళకి మించకుండా మళ్ళీ మళ్ళీ చేయించాలి. పదిహేను రోజుల పనికి ఇవన్నీ ఎవరు చేస్తారు అంటారు. మంచిది, అట్టయితే పదిహేను రోజుల పనికి హాస్టల్ పిల్లల్ని పిలవొద్దు.

ఇక్కడ ఒక మాట. 2025 నవంబరు 21 నుంచి, నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1952 చట్టం కూడా వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయింది. పాత రూల్స్, రెగ్యులేషన్స్ కొత్త కోడ్‌కి అడ్డం రానంతవరకు, కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి. కొత్త కోడ్ మంచిదా చెడ్డదా అని యూనియన్ల వాళ్ళు కొట్లాడుతున్నారు, ఆ సంగతి ఇంకో రోజు. మనకి పనికొచ్చేవి రెండున్నాయి దాంట్లో. పనిలో పెట్టుకున్నవాడికి నియామక పత్రం ఇవ్వాలి. ప్రమాదం కనపడితే యజమానికి చెప్పి సరిచెయ్యమనే హక్కు, భద్రత గురించి సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఉంది. పోయిన వేసవిలో మాకు ఈ మాట తెలిసుంటే అడిగేవాళ్ళమా? నిజం చెప్పాలంటే అడిగేవాళ్ళం కాదేమో. ఆరు వందలు పోతాయని భయం. అయినా తెలిసి అడక్కపోవడం వేరు, తెలియక అడక్కపోవడం వేరు.

గ్రూపులో కొందరు అన్నలు ఎప్పుడూ సమతా తీర్పు గురించి రాస్తుంటారు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి మైనింగ్ లీజులు ఇవ్వకూడదని. చాలా గొప్ప తీర్పు. అల్లూరి జిల్లా తమ్ముళ్ళకి అది కత్తి లాంటిది. కానీ మన సంగతి వేరు. మన గూడూరు, చిల్లకూరు, సైదాపురం, రాపూరు ఏవీ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మన యానాదులం మైదానంలో చెల్లాచెదురుగా, చెరువు కట్టల మీద, కాలవ గట్ల మీద ఉంటాం. గ్రామసభ తీర్మానంతో గని ఆపే పెసా హక్కు మనకి లేదు. మన దగ్గర గని వచ్చిందంటే మనం దాంట్లో భూమి ఉన్నోళ్ళంగా పోం, కూలోళ్ళంగా పోతాం. అందుకే మన చేతిలో ఉన్నది ఈ భద్రతా చట్టమే. దాన్ని మన గ్రూపుల్లో ఎవరూ చదవరు, ఎందుకంటే దాంట్లో భూమి, అడవి, జెండా లాంటి మాటలుండవు. రిజిస్టర్లు, ఎక్స్‌రేలు, మరుగుదొడ్లు, తాగే నీళ్ళు ఉంటాయి. మాకైతే ఇప్పుడు అవే పెద్ద మాటలు అనిపిస్తున్నాయి.

గూడూరు అంటే నిమ్మకాయలని బయటోళ్ళకి తెలుసు. మన ముసలోళ్ళని అడిగితే కాకిబంగారం అని చెప్తారు. అభ్రకం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రేడియోలకి, కరెంటు సామాన్లకి ఇది లేకుండా జరిగేది కాదు. గూడూరు, సైదాపురం, కలిచేడు చుట్టూ ఉన్న గనుల నుంచి అది విదేశాలకి పోయేది. రేకులు రేకులుగా చీల్చి కత్తిరించే పనిలో ఆడవాళ్ళు, పిల్లలు ఉండేవాళ్ళు. 1946లోనే అభ్రకం గని కార్మికుల సంక్షేమ నిధికి ఒక చట్టం చేశారు, ఎగుమతి మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బుతో ఆసుపత్రులు, బడులు నడిపారు. కలిచేడులో గని కార్మికుల ఆసుపత్రి అట్ట వచ్చిందే. స్వాతంత్ర్యానికి ముందే మన తాతల ఊపిరితిత్తుల కోసం ఒక నిధి ఉందని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యమేసింది. అభ్రకం గిరాకీ పడిపోయింది, గనులు మూసేశారు, గుంతలు మాత్రం మిగిలాయి. నీళ్ళు నిండి, కంచె లేక, పైన తుమ్మచెట్లు మొలిచి. వదిలేసిన గుంత చుట్టూ కంచె కట్టాలనేది కూడా నిబంధనే. ఎన్నింటికి ఉందో సైదాపురం పక్క ఊళ్ళ తమ్ముళ్ళు మీరే చెప్పండి.

ఇప్పుడు అదే బెల్టులో తెల్లరాయికి గిరాకీ వచ్చింది. పుస్తకాల్లో పలుగురాయి అంటారు, లారీ కాగితాల్లో క్వార్ట్జ్. సోలార్ పలకలకి, గాజుకి వాడతారని దాని రేటు పెరిగింది. రేటు పెరిగితే లీజు లేని తవ్వకం పెరిగింది. పొదలకూరు మండలం తాటిపర్తి దగ్గర రుస్తుం మైన్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. గడువైపోయిన లీజులో తవ్వారనీ, పేలుడు పదార్థాలు వాడారనీ, అడ్డం చెప్పిన గిరిజనుల్ని బెదిరించారనీ ఆరోపణల మీద 2025లో పోలీసు కేసు పెట్టారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ గొడవలో ఏ పార్టీ వాళ్ళు ఏమన్నారనేది టీవీల్లో నెలల తరబడి నడిచింది. ఎన్ని లక్షల టన్నులు, ఎన్ని వందల కోట్లు అన్నారు. ఆ రాయిని ఏరిన చేతులు ఎవరివి, వాళ్ళల్లో ఎంతమందికి దెబ్బలు తగిలాయి అనే లెక్క ఏ పార్టీ చెప్పగా మేము వినలేదు.

ఒక గందరగోళం కూడా తీసేసుకుందాం. 2015లో అభ్రకం, క్వార్ట్జ్, సిలికా ఇసుక లాంటి ముప్పై ఒక్క ఖనిజాల్ని మైనర్ మినరల్స్ అన్నారు, అంటే వాటి లీజుల పెత్తనం రాష్ట్రానికి పోయింది. 2025 ఫిబ్రవరిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్ నాలుగింటిని మళ్ళీ మేజర్ జాబితాలోకి తెచ్చారు, వాటితో పాటు లిథియం లాంటివి దొరుకుతాయని. దీన్ని పట్టుకుని మేస్త్రీలు "ఇది చిన్న గని, మైనర్ మినరల్, దీనికి ఆ చట్టాలేమీ లేవు" అని చెప్తారు. అబద్ధం. మైనర్, మేజర్ అనేది లీజుకి, రాయల్టీకి సంబంధించిన మాట. మనిషి ప్రాణానికి ఆ తేడా లేదు.

అట్టనే ఇసుక. చిల్లకూరు, కోట మండలాల్లో సముద్రం వైపు సిలికా ఇసుక తవ్వుతారు. "ఇసుకేగా, దీనికి గనుల చట్టం ఏంది" అనుకుంటాం. 1952 చట్టం మూడో సెక్షన్‌లో మామూలు ఇసుక, గ్రావెల్, మట్టి లాంటివాటికి మినహాయింపు ఉన్న మాట నిజమే. అది కూడా లోతు ఆరు మీటర్లు దాటకుండా, రోజుకి యాభై మందికి మించకుండా, పేలుడు మందు వాడకుండా ఉంటేనే. కానీ అదే వాక్యంలో గాజు తయారీకి వాడే ఇసుకని ఆ మినహాయింపు నుంచి తీసేశారు. సిలికా ఇసుక అదే కదా. తెల్లరాయి అయితే ఆ మినహాయింపు జాబితాలో అసలు లేనే లేదు. ఇంకో సంగతి, మినహాయింపు ఉన్న గుంతలో కూడా పద్దెనిమిది లోపు పిల్లల్ని పెట్టకూడదనే సెక్షన్లు వర్తిస్తాయి.

గోడ కూలడం గురించి మా వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, మట్టి పని చేసినోళ్ళందరికీ తెలుసు. అయినా అంకెలు తెలుసుకుంటే మంచిది. మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ అని 1961లో వచ్చాయి. మెత్తటి మట్టి, గ్రావెల్ ఉన్న చోట గోడని నలభై ఐదు డిగ్రీలకి మించకుండా వాలుగా కోయాలి, లేకపోతే మెట్లు మెట్లుగా కోయాలి, ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నరకి మించకూడదు, వెడల్పు ఎత్తుకి తగ్గకూడదు. గట్టి రాయి అయినా మెట్టు ఆరు మీటర్లకి మించకూడదు. కింద తొలిచి పైన వేలాడేట్టు వదలకూడదు. మేము పోయిన గుంతలో పై మట్టి మా ఎత్తుకి రెండింతలు నిలువుగా నిలబడి ఉంది. దాని నీడలో కూర్చుని అన్నం తిన్నాం, ఎండకి వేరే నీడ లేదని. ఇప్పుడు తలుచుకుంటే అన్నం దిగదు.

పేలుడు మందు సంగతి మన రాయలసీమ వాళ్ళకి కొత్త కాదు. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగితే చనిపోయింది ఒడిశా నుంచి వచ్చిన కూలీలు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గర గనిలో జిలెటిన్ స్టిక్స్ దించేటప్పుడు పేలి పదిమంది పోయారు. మందు దించేది, మోసేది, పక్కన నిలబడేది ఎప్పుడూ కూలోళ్ళే. మీలో ఎవరినన్నా "ఆ పెట్టె కొంచెం పట్టుకో" అంటే పట్టుకోవద్దు. అది సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ చేయాల్సిన పని, మొహమాటానికి చేసేది కాదు.

ఇవన్నీ కంటికి కనపడే ప్రమాదాలు. మాకు ఎక్కువ భయం దుమ్ముది.

తెల్లరాయి అంటే సిలికా. పగలగొట్టినా, డ్రిల్లు వేసినా, మిల్లులో పొడి కొట్టినా లేచే దుమ్ములో కంటికి కనపడేది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, కనపడనిదే ఊపిరితిత్తుల అడుగుకి పోతుంది. అక్కడ మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. మందు లేదు. పని మానేసినా ముదురుతూనే ఉంటుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే అది ఆగదు. డ్రిల్లు వేసేటప్పుడు నీళ్ళు కొట్టాలని, దుమ్ము లేచిన చోటే అణచాలని నిబంధన ఉంది. సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ తొందరగా పడుతుంది. అందుకని ఆసుపత్రికి పోతే టీబీ అని రాసి ఆరు నెలల మందులిస్తారు, తగ్గదు, మళ్ళీ ఇస్తారు, మనిషి పోతాడు. మన కాలనీల్లో "టీబీతో పోయినాడు" అని చెప్పుకునే మనుషుల్లో ఎంతమంది అభ్రకం గుంతల్లోనో, రాయి మిల్లుల్లోనో చేశారో ఎవరన్నా అడిగారా? మేము అడగలేదు. మా ఇళ్ళల్లో కూడా అట్ట పోయినోళ్ళు ఉన్నారు.

దీనికి వేరే రాష్ట్రాల్లో జరిగింది చదివితే మనదే అనిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ జిల్లాల ఆదివాసీ పిల్లలు గుజరాత్‌లోని గోధ్రా దగ్గర క్వార్ట్జ్ పొడి కొట్టే ఫ్యాక్టరీలకి వలస పోయారు. కొన్ని నెలలు పనిచేసి ఊరికి వచ్చి, ఇరవై ముప్పై ఏళ్ళకే చచ్చిపోయారు. కొన్ని నెలలే. కేసు సుప్రీంకోర్టుకి పోయింది, 2016 మేలో 238 మంది కుటుంబాలకి ఒక్కొక్కరికి మూడు లక్షలు ఇమ్మని గుజరాత్ ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించింది. కేసు వేసింది 2006లో. పదేళ్ళు. ఆ కేసులోనూ పెద్ద తలనొప్పి ఏందంటే వీళ్ళు అక్కడ పనిచేశారని చూపించడం. మళ్ళీ అదే, పుస్తకంలో పేరు. రాజస్థాన్‌లో 2019లో ఒక పాలసీ తెచ్చారు, సిలికోసిస్ అని తేలితే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో రెండు లక్షలు. మన రాష్ట్రంలో కూడా అట్టాంటిది అడగాలనేది మా మాట. అంతకంటే ముందు, గనుల ఆదాయం నుంచి వచ్చే జిల్లా ఖనిజ నిధిలో ఆరోగ్యానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది కదా, ఆ డబ్బుతో పాత అభ్రకం ఊళ్ళల్లో, తెల్లరాయి ఊళ్ళల్లో ఎక్స్‌రే క్యాంపు పెట్టమని స్పందనలో అర్జీ ఇవ్వొచ్చు. ఇప్పుడు దాని పేరు మారింది, సోమవారం మాత్రం మారలేదు.

ఎవరికి చెప్పాలి అనేది ఇంకో చిక్కు. తహశీల్దారు దగ్గరికి పోతే గనుల శాఖకి పొమ్మంటారు. గనుల శాఖ చూసేది లీజు, పర్మిట్టు, రాయల్టీ. మనిషి భద్రత చూసేది కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్, డీజీఎంఎస్ అంటారు. 1902 నుంచి ఉంది, హెడ్డాఫీసు ధన్‌బాద్‌లో, మన వైపు చూసే జోనల్ ఆఫీసు హైదరాబాద్‌లో. గని నుంచి విడిగా ఉన్న పొడి మిల్లు అయితే రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. దీనికి తోడు 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతికి పోయింది, సైదాపురం నెల్లూరులో ఉండిపోయింది. మనిషి గూడూరోడు, దెబ్బ తగిలింది సైదాపురంలో, ఆసుపత్రి ఇంకో చోట. ఎవరికి వాళ్ళు మాది కాదనొచ్చు. ఈ వరస తెలిసుంటే మా చిన్నోడి మామ రెండు రోజుల కూలి పోగొట్టుకుని మూడు ఆఫీసులు తిరిగేవాడు కాదు.

చనిపోయినా, పెద్ద దెబ్బ తగిలినా గని వాళ్ళు వెంటనే ఆ డైరెక్టరేట్‌కి తెలియజేయాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా, లేదా డెబ్భై రెండు గంటలు గడిచేదాకా ఆ చోటుని కదపకూడదు. మనకి జరిగేది ఏందంటే, గంటలో రక్తం మీద మట్టి పోసేస్తారు. అందుకే ఫోన్లో ఫోటో తియ్యండి, చుట్టూ ఉన్న మనుషులు, గోడ, తేదీ పడేట్టు. ఆసుపత్రిలో మాత్రం నిజం చెప్పండి. కట్టెలు కొడతా ఉంటే తగిలిందని ఒక్కసారి చీటీ మీద పడితే ఆ చీటీ మళ్ళీ మార్చలేం. మా వాడి చీటీ ఇప్పటికీ వాడి ట్రంకు పెట్టెలో ఉంది.

"ఇట్ట ప్రశ్నలు అడిగితే మన పిల్లల్ని పిలవరు, వేరే వాళ్ళని తెచ్చుకుంటారు" అని ఒక అన్న కామెంట్లో రాశాడు. ఈ మాటకి మా దగ్గర పూర్తి జవాబు లేదు. పిలవకపోవచ్చు. ఒడిశా నుంచో, బీహార్ నుంచో తెచ్చుకుంటారు, వాళ్ళు కూడా మనలాంటోళ్ళే. మా రూములో దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం, ఒకడు అలిగి అన్నం కూడా తినలేదు. చివరికి ఒప్పుకున్నది ఇంతవరకే. పద్దెనిమిది నిండని తమ్ముళ్ళని, చెల్లెళ్ళని ఏ ధరకీ పంపకూడదు, దీని మీద వాదన లేదు. పెద్దోళ్ళు పోదలుచుకుంటే పోయేవాళ్ళందరూ ఒకేమాట మీద ఉండి మొదటి రోజే పేర్లు రాయమని అడగాలి. ఒక్కడు అడిగితే వాణ్ణి పంపేస్తారు. పదిమంది అడిగితే రాళ్ళు ఏరేది ఎవరు? పేర్లు రాయకపోతే ఆటో ఎక్కకముందే తిరిగి రావొచ్చు, ఎక్కి పోయినాక తిరిగి రావడం కష్టం. పరీక్ష ఫీజు లేక పోయేవాళ్ళు మా హాస్టల్లో నలుగురున్నారు, వాళ్ళ కోసం మేము చందా మొదలుపెట్టాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు చూస్తారని ఆశ. వెయ్యి రెండు వేల దగ్గర ఆగిపోయే చదువులు అవి.

ఇంకో పని కూడా పెట్టుకున్నాం. ఈ సంక్రాంతికి ఎవరి కాలనీకి వాళ్ళు పోయినప్పుడు, గనిలో, మిల్లులో, సిలికా ఇసుకలో పనిచేసిన పెద్దోళ్ళ దగ్గర కూర్చుని ఒక నోటుబుక్కులో రాసుకుంటాం. పేరు, ఏ ఊరి గుంత, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎవరి కింద, ఆయాసం ఉందా, టీబీ మందులు ఎన్నిసార్లు వాడారు. వాళ్ళ అనుమతి లేకుండా గ్రూపులో పెట్టం. ఓనర్లు రాయని పుస్తకం మనం రాస్తే కోర్టులో ఎంత నిలబడుతుందో మాకు తెలియదు గానీ, ఎక్స్‌రే క్యాంపు అడిగేటప్పుడు చేతిలో ఒక లిస్టు ఉంటుంది. చిల్లకూరు, కోట వైపు మాకు మనుషులు తక్కువ. ఆ వైపు ఉన్న తమ్ముళ్ళు మెసేజ్ పెట్టండి.

తెల్లరాయి పని పోస్టు పెట్టిన అన్నని మేము అదే పోస్టు కింద మూడు అడిగాం. గని ఏ ఊళ్ళో, లీజు ఎవరి పేరున ఉంది. మేనేజర్ ఎవరు. మా పేర్లు, వయసులు రిజిస్టర్‌లో రాస్తారా. అన్న మంచోడే, మనోడే, వాడికి మనిషికి ఇంత అని కమీషన్ వస్తుంది, దాంతోనే ఇల్లు గడుస్తుంది, అది మాకు తెలుసు. మొదటిదానికి ఊరి పేరు చెప్పాడు. రెండోదానికి కనుక్కుని చెప్తానన్నాడు. మూడోదానికి ఇంకా జవాబు రాలేదు. ఆటో పదకొండో తేదీ పొద్దున్నే ఆరింటికి వస్తుందంట.